గీత బయట తలుపు

"కెమెరా అబద్ధం చెప్పదమ్మా. మనుషులే చెప్తారు," అని చంద్రశేఖరన్ సార్ ఆ నల్ల కెమెరాను నా ముక్కు ముందు పెట్టినారు. "కన్ను పెట్టి చూడు. తలుపు కనపడతా ఉండాదా, లేదా?"

పెట్టినాను. కనపడతా ఉండాది.

టైము పదకొండు ఇరవై. కోయంబత్తూరు పీలమేడులో ఈశ్వరన్ సార్ వాళ్ళ పంపుసెట్ వర్క్‌షాపు. ఆయుధపూజ నాడు ట్రైపాడ్ పెట్టిన చోటే నిలబడి ఉండాము. నాలుగు గంటలకు చంద్రశేఖరన్ సార్ స్టేషన్‌కు పొయ్యి కంప్లయింట్ ఇస్తారు. అందులో పేరు అయ్యసామి మామది. అంటే నాకు ఉండేది నాలుగు గంటల నలభై నిమిషాలు. దాంట్లోనే భోజనం కూడా. ఎంత పెద్ద కేసైనా నేను భోజనం మానే టైపు కాదు.

ఏమైందో ముందే చెప్పేస్తా. ఈ వర్క్‌షాపు పెట్టిన పెద్దాయన టేకు చెక్కతో ఒక అచ్చు చెక్కినాడు, పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ చక్రానికి. ఆ అచ్చును ఇసుకలో ఒత్తి, ఆ గుంతలో కరిగిన ఇనుము పోస్తే చక్రం వస్తుంది. దాని రెక్కల వంపు ఏ కాగితం మీదా లేదు, ఏ కంప్యూటర్‌లోనూ లేదు. ఆ చెక్కలోనే ఉండాది. అరవై ఏండ్లుగా ఈ ఇంటి పేరు నిలబడింది ఆ వంపు మీదనే.

పోయిన బుధవారం ఆయుధపూజ. పది ఇరవైకి అచ్చుకు చందనం పెట్టినారు. పది ఇరవై అయిదుకు ఆ గదికి తాళం వేసినారు. పది నలభైకి బయట అందరూ నిలబడి గ్రూప్ ఫోటో. పదకొండుకు చూస్తే తాళం ఊడి వేలాడతా ఉండాది, అచ్చు లేదు.

ఫోటోలో పంతొమ్మిది మంది. అందరూ తలుపుకు వీపు పెట్టి నిలబడినవాళ్ళే. తలుపు పక్కకు మొహం పెట్టింది ఒక్కరే: ఫోటోగ్రాఫర్ అయ్యసామి మామ. ఆండిపట్టి పక్క ఊరాయన. ముప్పై ఒక్క ఏండ్లుగా ఈ ఇంటి ఆయుధపూజ ఫోటో ఆయనదే, ఇప్పటికీ ఫిల్మే. తలుపు సంగతి అడిగితే ఆయన అన్నది ఒకటే మాట: "నా గీత లోపల తలుపు లేదు సామీ. మనుషులే ఉండారు." శుక్రవారం ఆ నెగటివ్‌ను ల్యాబులో స్కాన్ చేయించినారు. ఫోటో ఎడమ అంచులో తలుపు, సగం తెరిచి.

చూసి కూడా దాచినాడంటే దొంగకు తోడు పొయ్యినట్టే కదా. చంద్రశేఖరన్ సార్ లెక్క అంతే.

"ఈ కెమెరాలో లెన్స్ గుండా చూడరు," అని ఆయన ఈశ్వరన్ సార్‌కు పాఠం మొదలుపెట్టినారు. వయసు అరవై మూడు, రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్, ఇప్పుడు సొంత డిటెక్టివ్ ఏజెన్సీ. విజిటింగ్ కార్డు మీద భూతద్దం బొమ్మ, ఆ భూతద్దంలో ఆయన ఫోటో. "పక్కన కిటికీ ఉంటుంది. కిటికీలో వెలిగే గీత. ఆ గీత లోపల ఏముందో చూసుకొనే వాడు బటన్ నొక్కుతాడు. ఇప్పుడు తలుపు గీత లోపల ఉండాదా? ఉండాది. చూడలేదంటే ఎవరు నమ్మేది?"

పాఠం తప్పేం కాదు, సగమే. మిగతా సగం నేను చెప్పినాను.

"సార్, ఏ గీత రావాలనేది లెన్సే చెప్తుంది. లెన్స్ వెనక ఇత్తడి రింగు ఉంటుంది. దాంట్లో ఒక రెక్క కెమెరా లోపలి చిన్న మీటను తోస్తుంది. బాగా తోస్తే ఒక గీత, కొంచెం తోస్తే ఒకటి, తోయకపోతే ఇంకొకటి. మామ లెన్స్ నలభై మిల్లీమీటర్లది. ఈ కెమెరాలో నలభైకి గీతే లేదు. అందుకని చేసినవాళ్ళే దాన్ని యాభై గీతకు ముడిపెట్టినారు. అది చిన్న గీత. కంటికి చిన్నది కనపడుతుంది, ఫిల్ములో చుట్టూ ఇంకా ఎక్కువ పడుతుంది. ఇప్పుడు వస్తా ఉండేది ముప్పై అయిదు గీత. పెద్దది. ఈ లెన్స్‌కు రావాల్సిన గీత ఇది కాదు."

"అంటే లెన్స్ తప్పా?"

"లెన్స్ తప్పు చేయదు సార్. మనుషులే చేస్తారు."

ఈశ్వరన్ సార్‌కు నవ్వు వచ్చినట్టుండాది, దగ్గుతా దాచేసినారు. ఆయన చంద్రశేఖరన్ సార్‌ను పెట్టుకున్నవారు కదా, నవ్వితే బాగుండదు. నన్ను పిలిచింది ఆయన తల్లి పంకజవల్లి అవ్వ. ఆదివారం ఫోన్ చేసి, "అచ్చు పోతే పోనీ పాపా, అయ్యసామి మాట పోకూడదు. అది చూసి పెట్టు," అన్నది. అంతే. ఆ వయసులో అంత చిన్న బ్రీఫ్ ఇచ్చే క్లయింట్‌ను నేను ఎక్కడా చూడలేదు.

"ఈ గీతల సంగతి మీకు ఎవరు నేర్పించినారు సార్?"

"ముప్పై రెండేండ్ల సర్వీసమ్మా నాకు."

"సర్వీసులో కెమెరాలు విప్పేవాళ్ళా?"

"సోర్సు చెప్పే పని లేదు నాకు. నువ్వు నీ స్కేలు పట్టుకొని కొలుచుకో పో."

అది స్కేలు కాదు, డిజిటల్ వెర్నియర్. ఈ డిటెక్టివ్ పనిలోకి రాకముందు, డిగ్రీ అయ్యినాక రెండేండ్లు కొలతల ల్యాబులో పని చేసినా. ఆ ఉద్యోగం నాకు ఇచ్చింది ఒక వెర్నియరు, ఒక చిన్న లూపు అద్దం, ఎవరి మాటా ఊరికే నమ్మని గుణం. మా అమ్మకు మూడోది నచ్చదు.

లెన్స్ తిప్పి ఊడదీసి లూపు పెట్టినాను. రింగుకు పైన వెండి రంగు పూత, లోపల ఇత్తడి. ఒక రెక్క చివర మాత్రం పూత లేదు. పసుపు పచ్చగా మెరుస్తా ఉండాది, ఆకురాయి పట్టించిన సన్నని గీరలతో.

"అదే కదా నేను చెప్పేది!" చంద్రశేఖరన్ సార్ చప్పట్లు కొట్టినంత పని చేసినారు. "ఆ అయ్యసామే ఆకురాయి పట్టించినాడు. పెద్ద గీత కావాలని."

"ఎప్పుడు?"

"ఎప్పుడైతే ఏం?"

"ఇత్తడి మనిషి చెయ్యి తగిలితే నల్లబడుతుంది సార్. ఇది ఇంకా పెళ్ళి కూతురు మాదిరి ఉండాది. కెమెరా శనివారం సాయంత్రం మీరు తీసుకున్నారు. సోమవారం పొద్దున మీరే గీత చూపించినారు. మధ్యలో ఎక్కడ ఉండాది?"

"ఈ ఆఫీసు బీరువాలో. తాళం వేసి." ఆయన గొంతు కొంచెం తగ్గింది. "పాలిష్ పెట్టినా మెరుస్తుంది. ఇది సాక్ష్యం కాదు."

ఆ మాట నిజమే. మెరుపు అనుమానమే, సాక్ష్యం కాదు. కానీ లూపులో ఇంకోటి కనపడింది. రింగు అంచు మీద మూడు చిన్న చుక్కలు, ఏటవాలుగా. లెన్స్ గొట్టం మీద కూడా సరిగ్గా వాటి ఎదురుగానే మూడు చుక్కలు. సూది పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. ఫోన్‌లో ఫోటో తీసుకొని లెన్స్ తిరిగి ఇచ్చేసినాను. చుక్కల సంగతి నా దగ్గరే పెట్టుకున్నా. గొడవలో గెలిచేదానికన్నా ఆకలి వేసినప్పుడు తినేది ముఖ్యం.

*

పన్నెండు ముప్పై అయిదు. సింగానల్లూరులో అయ్యసామి మామ స్టూడియో.

కళైవాణి అత్త ఏమీ అడగకుండానే ఆకు వేసేసింది. కొళ్ళు రసం అనే ఉలవచారు, కత్తిరికాయ పొరియల్ అనే వంకాయ వేపుడు. మామ ఎదురుగా కూర్చొని తినకుండా మెతుకులు లెక్కపెడతా ఉండాడు. అరవై ఆరేండ్ల మనిషి, సోడాబుడ్డి అద్దాలు.

"నాలుగు గంటలకు నేనూ రావాలంట పాపా. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించినా. స్టేషన్‌కు పొయ్యేటప్పుడు మాసిన చొక్కాతో పోతే దొంగ మాదిరి ఉంటుంది."

"అన్నం తినకుండా పోతే ఇంకా దొంగ మాదిరి ఉంటుంది," అన్నది అత్త. "నాలుగు రోజులుగా ఇదే పాట పాపా. రాత్రిపూట లేచి కూర్చొని, 'నేను చూడలేదు' అంటా ఉంటాడు. నేను చూసినావని అన్నానా?"

"మామా, ఆ లెన్స్‌కు ఎప్పుడైనా ఆకురాయి పట్టించినారా?"

ఆయన నన్ను చూసిన చూపు! వాళ్ళ బిడ్డ ముక్కు కోసినారా అని అడిగినట్టు.

"ఎందుకు పట్టిస్తా? కొందరు పట్టిస్తారు, తెలుసు. నలభై లెన్స్‌కు పెద్ద గీతే దగ్గర అంటారు. దూరం ఫోటోలకు అది నిజమే. కానీ నాకు ఆ పెద్ద గీత కనపడనే కనపడదు పాపా. ఈ అద్దాలు కిటికీకి తగిలి కన్ను దూరం అయిపోతుంది. కిటికీ నడిమధ్యే కనిపించేది. చిన్న గీత దాకా సరి. దాని బయట అంతా నాకు మబ్బే."

సోమవారం ఆ కెమెరా కిటికీలో చూడమని మీకు ఇచ్చినారా అని అడిగినాను. ఇవ్వలేదంట. వాళ్ళు చూసి వాళ్ళే చెప్పుకున్నారంట. చంద్రశేఖరన్ సార్‌కు కళ్ళద్దాలు లేవు. ఆయన కన్ను పెట్టి చూసి, అద్దాల మనిషిని అబద్ధాలకోరు అన్నాడు.

"మరి చుట్టూ ఎక్కువ పడుతుంది కదా మామా. మీ ప్రింట్‌లలో ఎందుకు ఉండదు?"

"నేను చూడనిది నేను ఎట్లా ఇస్తా?" అని చేతులు కడుక్కొని లోపలికి తీసుకుపొయ్యినాడు.

చీకటి గదిలో ఎర్ర బల్బు, ప్రింట్‌లు వేసే ఎన్‌లార్జర్. నెగటివ్ పెట్టే చోట ఒక నల్ల అట్ట. అట్టలో చదరంగా కోసిన కన్నం. కన్నం అంచులు ఏండ్లుగా వేళ్ళు తగిలి నున్నగా అయిపోయినాయి.

"లెన్స్ కొన్న కొత్తలో ఒక పెళ్ళి తీసినా. ప్రింట్ వేస్తే అంచులో ఎవరో ఆడమనిషి పాపకు పాలిస్తా ఉండాది. నా గీతలో ఆమె లేదు. ఆమెకు తెలియకుండా నేను ఎట్లా తీసినట్టు? ఆ రోజే ఈ అట్ట కోసినా. గీతలో చూసినంత వరకే ప్రింట్. మిగతాది ఫిల్ము చూసింది, నేను కాదు."

ఆ మాట విన్నాక నాకు రెండు సెకండ్లు వెర్నియర్ ఎక్కడ పెట్టినానో గుర్తు రాలేదు.

కన్నం కొలిచినాను. ఇరవై తొమ్మిది ఇంటూ పంతొమ్మిది. ఫిల్ము వెడల్పు ముప్పై ఆరు. ముప్పై ఆరును నలభైతో గుణించి యాభైతో భాగిస్తే ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది. పాయింట్ రెండు తేడా మామ కత్తెరది. అదే ముప్పై అయిదు గీత అయ్యుంటే నలభై ఒకటి రావాల. ముప్పై ఆరు ఫిల్ముకు నలభై ఒకటి కన్నం ఎవరు కోస్తారు? ఆ గీత చూసేవాడికి అట్ట పనే లేదు.

అట్ట వెనక తిప్పి చూసినా. పాత క్యాలెండర్ ముక్క అంటించి ఉండాది. 1994, ఆవణి నెల, అంటే మన శ్రావణం.

"మామా, నవ్వండి," అన్నా.

"ఎందుకు?"

"మీ మాటకు కొలత దొరికింది."

ఆయన నవ్వలేదు. బయటికి పొయ్యి అన్నం మళ్ళీ పెట్టించుకొని తిన్నాడు. నాకు అదే చాలు.

*

రెండు ఇరవై. వర్క్‌షాపు వెనక షెడ్డు, పెద్ద ఫిట్టర్ తంగవేలు అన్న టేబుల్.

ఫిట్టర్‌ల దగ్గర నేరుగా ప్రశ్న అడిగితే జవాబు రాదు. వాళ్ళ పనిని మెచ్చుకోవాల. పక్కన సగం విప్పిన పంపు ఒకటి ఉంటే వేలు పెట్టి చూపించినాను. రెండు ఇనుప రింగులు కలిసే చోట మూడు చుక్కలు, ఏటవాలుగా.

"ఇది ఎవరి పనన్నా? భలే సమంగా ఉండాయే!"

"ఇంకెవరిది?" ఆయన మీసం కింద నవ్వు. "రెండు ముక్కలు విప్పే ముందు చుక్క పెట్టకుండా విప్పేవాడు ఫిట్టరా? తిరిగి బిగించేటప్పుడు ఒక స్క్రూ కన్నం తిరిగిపోతే అయిపోయె. మా నాయన రెండు చుక్కలు పెట్టేవాడు, నేను మూడు. కోయంబత్తూరులో ఏ పంపు విప్పినా, నా చెయ్యి పడిందా లేదా అని చుక్క చూసి చెప్పొచ్చు."

"లెన్స్ విప్పినా చెప్పొచ్చా?"

ఫోన్ ముందు పెట్టినా. నవ్వు మీసం కిందనే ఆగిపోయింది.

"ఇది... కెమెరా సామాను అన్నాడే."

"ఎవరు?"

"మన ఈశ్వరన్ సార్ అల్లుడు, సెంథిల్ తమ్ముడు. ఆదివారం పొద్దున, పదిన్నర ఉంటుంది. లీవు రోజు, ఇరవై నిమిషాల పని అని పిలిపించినాడు. రెక్క మీద పెన్సిల్ గీత పెట్టి, ఈ గీత దాకా తీసేయన్నా అన్నాడు. నేను రింగు విప్పినా, బెంచి వైసులో బిగించినా, తీసినా, అంచు మొన తగలకుండా నున్నగా కూడా చేసినా." ఆయన కళ్ళు నా మీదికి లేచినాయి. "ఎవరిది పాపా అది?"

"అయ్యసామి మామది."

తంగవేలు అన్న చేతిలోని గుడ్డను టేబుల్ మీద విసిరేసినాడు. "నా కూతురి పెళ్ళి ఫోటో తీసిన మనిషి! ఆయనదని తెలిస్తే నేను చెయ్యి పెడతానా?"

"మీరు చుక్కలు కొడతా ఉంటే సెంథిల్ ఏమీ అనలేదా?"

"టీ తాగను పొయ్యినాడు."

కెమెరా గురించి అంతా తెలిసినవాడు, లెన్స్ గురించి అంతా తెలిసినవాడు, సొంత మామగారి ఫిట్టర్ చెయ్యి గురించి మాత్రం తెలీదు. ఆ టీ గ్లాసుకు దండం పెట్టాల.

"నాలుగు గంటలకు ఆఫీసుకు వస్తారా అన్నా?"

"ఇప్పుడే వస్తా."

"నాలుగుకు రండి. చేతులు కడుక్కోకుండా రండి. అదే బాగుంటుంది."

*

నాలుగు. ఆఫీసు గదిలో అందరూ ఉండారు. నడుమ కుర్చీలో పంకజవల్లి అవ్వ, డెబ్భై ఎనిమిది, చేతిలో విసనకర్ర. పక్కన కొడుకు ఈశ్వరన్ సార్. గోడకు ఆనుకొని ఆయన అల్లుడు సెంథిల్‌కుమార్, ఫోన్ చూస్తా. తలుపు దగ్గర కుర్చీలో చంద్రశేఖరన్ సార్, ఒళ్ళో టైపు చేసిన కంప్లయింట్. తెల్ల చొక్కాలో అయ్యసామి మామ, కూర్చోమన్నా కూర్చోకుండా.

అట్ట ముందు పెట్టినా. లెక్క చెప్పినా. అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పినా కాబట్టి అందరికీ అర్థమైంది.

"అట్ట ముక్క పట్టుకొని కేసు వాదిస్తావా?" అని చంద్రశేఖరన్ సార్.

"మీరు గీత పట్టుకొని వాదించినారు కదా సార్. గోడ మీద చూడండి, ముప్పై ఏండ్ల ఆయుధపూజ ఫోటోలు. ఒక్కదాంట్లోనైనా అచ్చుల గది తలుపు ఉండాదా? నిలబడింది అదే చోటు, లెన్స్ అదే. పాత నెగటివ్‌లు మామ స్టూడియోలో చూసి వచ్చినా, అన్నిట్లో తలుపు ఉండాది, ప్రింట్‌లలో ఒక్కదాంట్లోనూ లేదు. ఆయన చూసేది ఎప్పుడూ చిన్న గీతే. పెద్ద గీత వచ్చింది ఆదివారం."

తంగవేలు అన్నను పిలిచినా. ఆయన రెండు ముక్కల్లో చెప్పేసినాడు. మూడో ముక్కలో సెంథిల్‌ను ఒక మాట అన్నాడు, అది ఇక్కడ రాయను.

సెంథిల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొదట నవ్వినాడు. తర్వాత ఈశ్వరన్ సార్ మొహం చూసినాడు, నవ్వు ఆపేసినాడు.

"ఫోటోకు చివర్లో వచ్చి నిలబడింది ఎవరు సెంథిల్?" అని అడిగినా. "పది ఇరవై అయిదుకు తాళం. పది నలభైకి ఫోటో. పదిహేను నిమిషాలు మీరు ఎక్కడ?"

"ఇంట్లో పూజ చేసి దాచుకునే చెక్క అది!" అన్నాడు ఒక్కసారిగా. "అవినాశిలో ఒక పార్టీ, స్కాన్ చేసుకొని ఇచ్చేస్తామన్నారు. నన్ను పార్ట్‌నర్‌గా తీసుకుంటామన్నారు. ఇక్కడ నాకు ఏముంది? ఏడేండ్లుగా 'అల్లుడు, టీ తాగినావా' అనడం తప్ప ఎవరైనా ఒక్క పని నా చేతికి ఇచ్చినారా?"

"అచ్చు ఎక్కడ?" ఈశ్వరన్ సార్ అల్లుడి భుజం పట్టుకున్నారు.

"కార్ డిక్కీలో. ఇంకా ఇవ్వలేదు. కంప్లయింట్ అయినాక ఇద్దామని..."

తంగవేలు అన్న తాళం చెవి లాక్కొని పొయ్యినాడు, గోనెసంచితో వచ్చినాడు. టేబుల్ మీద పెట్టి విప్పినాడు. చెక్క ఇంపెల్లర్, చందనం బొట్టు ఇంకా ఉండాది. ఈశ్వరన్ సార్ దానికి చేతులు జోడించినారు.

నేను వెర్నియర్ తీసినాను. నిజం చెప్పాలంటే అవసరం లేదు, అలవాటు. ఒక మంచి వస్తువు కనపడితే కొలవాల్సిందే.

నూట ఎనభై పాయింట్ సున్నా.

మళ్ళీ కొలిచినా. నూట ఎనభై.

"తంగవేలన్నా, మీ ఇంపెల్లర్ పోత పోసినాక ఎంత ఉంటుంది?"

"నూట ఎనభై."

"మరి అచ్చు ఎంత ఉండాల?"

ఆయన చెక్కను చేతిలోకి తీసుకున్నాడు. "రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాల. ఇనుము చల్లారితే కుంచించుకుపోతుంది కదా. ఈ అచ్చుతో పోస్తే చక్రం చిన్నదై వస్తుంది, పంపులో డబడబ కొట్టుకుంటుంది... ఇది మనది కాదు!"

గదిలో ఒక్కరే నవ్వినారు. విసనకర్ర అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగేట్టు.

"కారమడై వడ్రంగి ఆచారి చేతి పని," అన్నది పంకజవల్లి అవ్వ. "పంపు నుంచి చక్రం తీసి ఇచ్చి, దీని మాదిరే చెక్కయ్యా అన్నా. ఆయన పాపం అట్లే చెక్కినాడు. ఇంట్లో ఎవరికో దాని మీద కన్ను పడిందని ఆడి నెల, మన ఆషాఢం నుంచి తెలుసు. గది తాళం చెవి మీద సబ్బు వాసన వచ్చింది, దొంగ చెవి చేసుకొనేదానికి సబ్బులో ఒత్తినట్టు. ఎవరో తెలీదు. తీసుకుపోనీ, తీసుకుపొయ్యినవాడు తెలుస్తాడు అనుకున్నా."

"అమ్మా!" అన్నారు ఈశ్వరన్ సార్.

అయ్యసామి మామ అవ్వ ముందరికి వచ్చినాడు.

"అంటే అచ్చు పోలేదని మీకు తెలుసు అమ్మా. నన్ను దొంగ అంటా ఉంటే కూడా."

అవ్వ నవ్వు ఆపేసింది. కుర్చీ చేతులు పట్టుకొని లేచి నిలబడింది. ఆమె కొడుకు పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"తెలుసు అయ్యసామీ. శుక్రవారం దాకా మీ పేరు వస్తుందని నేను అనుకోలేదు. వచ్చినాక నోరు తెరిస్తే దొంగ జారిపోతాడు, తెరవకపోతే మీరు మాట పడతారు. మూడు రోజులు నాకూ అన్నం దిగలేదు. అందుకే ఈ పాపను పిలిచినా. అయినా తప్పు నాదే. ఇంతమంది ముందర చెప్తా ఉండా, నన్ను మన్నించండి."

మామ గబుక్కున చేతులు జోడించినాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి. కాళ్ళ నొప్పి మీకు." తర్వాత మొదటిసారి తానూ కూర్చున్నాడు. తెల్ల చొక్కా నలుగుతుందని కూడా చూసుకోలేదు.

"అసలుది ఎక్కడమ్మా మరి?" అని ఈశ్వరన్ సార్.

"ఈ ఊళ్ళో తెరవొద్దు అంటే తెరవని మనిషి దగ్గర." అవ్వ విసనకర్ర మామ వైపు చూపించింది. "పూజకు రెండు రోజుల ముందర పెట్టె ఒకటి ఇచ్చినా కదా అయ్యసామీ, మా ఆయన గాజు నెగటివ్‌లు, వెలుతురు తగలకూడదు అని?"

"ఆమాం, ఇచ్చినారు. చీకటి గదిలో పై అరలో పెట్టినా." మామ కళ్ళు అద్దాల వెనక ఇంకా పెద్దవైనాయి. "ముడి కూడా ముట్టలేదు."

"నాకు తెలుసు."

ఈశ్వరన్ సార్ కళ్ళు తుడుచుకుంటా ఉండారు. తంగవేలు అన్న సూది పంచ్ ఎక్కడైనా విసిరేస్తా అంటా ఉండాడు, ఎవరూ విసరనివ్వలేదు. ఇంత మంచి సాయంత్రం నా కెరీర్‌లో రాలేదు. కెరీర్ మొత్తం పద్నాలుగు నెలలే అనుకోండి.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. నేను మిగిల్చి పడుకోలేను.

"సెంథిల్, అవినాశి పార్టీని మీకు ఎవరు పరిచయం చేసినారు? లెన్స్ రెక్కను ఆకురాయితో తీయిస్తే మామ మీదికి పోతుందని ఎవరి ఐడియా?"

సెంథిల్ తలెత్తి తలుపు దగ్గరి కుర్చీ వైపు చూసినాడు.

కుర్చీలో టైపు చేసిన కంప్లయింట్ మాత్రమే ఉండాది. ఫ్యాన్ గాలికి మూల లేస్తా, పడతా.

బయట గేటు దాకా పరిగెత్తినా. ఆయన తెల్ల కారు లేదు. వాచ్‌మన్, "అయిదు నిమిషాలైందమ్మా, సింగానల్లూరు రోడ్డు వైపు," అన్నాడు. టైము నాలుగు ఇరవై రెండు. ఇప్పుడు అచ్చు ఆ స్టూడియో నుంచి పోయిందంటే, దాన్ని ఇన్ని రోజులు దాచింది అయ్యసామి అనే అంటుంది ఊరు. అప్పుడు ఏ అట్టా పనికి రాదు.

మామ నా వెనకే వచ్చినాడు, ఆయాసపడతా. స్కూటీ తిప్పినాను.

"ఎక్కండి మామా. స్టూడియోలో ఎవరు ఉండారు?"

"మీ అత్త ఒక్కతే."

"ఫోన్ చెయ్యండి. ఎవరు వచ్చినా తలుపు తీయొద్దని చెప్పండి."

మామ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. రింగు పోతా ఉండాది, పోతానే ఉండాది. వెనక సీటు నుంచి ఆయన గొంతు నా చెవి దగ్గర వినపడింది, చాలా మెల్లగా.

"బయలుదేరేటప్పుడు నేనే చెప్పి వచ్చినా పాపా. పోలీసోళ్ళు ఎవరైనా వస్తే మాట పెంచొద్దు, ఏది అడిగితే అది చేతికి ఇచ్చేయి అని."